పరగడుపు మాత్ర

బేకరీ వెనక గది,
సోమవారం మధ్యాహ్నం

అక్కకు,

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకురా అంటావని తెలుసు. ఫోన్‌లో నువ్వు "బాగున్నాను" అంటావు, నేను "నేనూ బాగున్నాను" అంటాను, తర్వాత ఇద్దరం కలిసి బావ మీద నాలుగు జోకులేసుకుని పెట్టేస్తాం. నువ్వు డయాలసిస్ మిషను మీదికి వెళ్ళినప్పటి నుంచీ ఇదే వరస. అందుకే కాగితం తీశాను. ప్రూఫులు దిద్దే ఉద్యోగం నీది కాబట్టి తప్పులుంటే నువ్వే దిద్దుకో.

బరువు తగ్గే సూదులు మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. ఆ రోజు కిడ్నీ డాక్టరు మనిద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, "అన్నీ కలిశాయి, తమ్ముడి కిడ్నీ అక్కకు సరిపోతుంది" అనగానే బావ నా భుజం మీద చెయ్యి వేశాడు చూడు, ఆ చెయ్యి ఇంకా తీయకముందే ఆయన, "కానీ ఇంత బరువున్న మనిషిని కోయలేం. తగ్గించి తీసుకురండి" అన్నాడు. నాతో అనలేదు, నీతో అన్నాడు. నువ్వు మోసుకొచ్చిన సామానులా నిలబడ్డాను నేను. ఆ మాట తలుచుకునే ప్రతి ఆదివారం సూదికి ఒళ్ళప్పగిస్తున్నాను.

మీ మరదలే వేస్తుంది. పెన్నులాంటి ఆ సూదిని ఫ్రిజ్‌లోంచి తీసి, నా పొట్ట మీద ఓ మడత పట్టుకుని టక్కున నొక్కుతుంది. నేను కళ్ళు మూసుకుని మంచం కోడు పట్టుకుంటాను. "మైదా బస్తాలు మోసే మనిషి, చీమ కుట్టినదానికి ఇంత రాద్ధాంతమా!" అంటుంది. అసలు బాధ సూది కాదక్కా, ఆ తర్వాత వచ్చే వికారం. వెన్న వాసన వస్తే చాలు, కడుపులో తిప్పేస్తోంది. మొన్న ఓ పెళ్ళి కేకు మీద క్రీముతో పూలు వేస్తూ వేస్తూ వెనక సందులోకి పరిగెత్తాను. కేకు కోసం వచ్చిన పెళ్ళికూతురు తండ్రి అది చూసి, "బాబూ, కేకు మంచిదేనా?" అని అడిగాడు.

అయినా తగ్గుతున్నాను. నిజంగానే తగ్గుతున్నాను. బరువు దిగాకే నీ ముందుకొస్తాను. చిన్నప్పటి నుంచీ పీపా, పీపా అని పిలిచావుగా, సగం పీపా అయ్యాక చూద్దువుగాని.

నీ తమ్ముడు

*

డయాలసిస్ గది, కిటికీ పక్క కుర్చీ,
గురువారం

ఒరే పీపా,

నీ ఉత్తరం దిద్దేసరికి ఎర్ర సిరా అయిపోయింది.

ఎడమ చేతికి మిషను, కుడి చేతిలో కలం. వారానికి మూడుసార్లు ఇదే నా ఆఫీసు. ఇప్పుడు వ్యవసాయం పుస్తకమొకటి దిద్దుతున్నాను. టైపు చేసినవాడు ఎవడో కానీ 'ఎరువు' అన్న చోటల్లా 'బరువు' అని కొట్టాడు. "పంటకు తగిన సమయంలో తగినంత బరువు వేయవలెను." నువ్వే గుర్తొచ్చి పైకే నవ్వాను. పక్క కుర్చీలో రిటైరైన బస్సు కండక్టరుగారుంటారు. మిషను ఆగి కుయ్యిమంటే ఆయన "హోల్డాన్!" అంటారు, నర్సు వచ్చి సరిచేస్తే "రైట్ రైట్!" అంటారు. నా నవ్వు విని, "ఏమ్మా, ఎవరైనా టికెట్టు లేకుండా ఎక్కారా?" అన్నారు.

అసలు విషయానికొస్తాను. మరదలు ఫోన్ చేసింది. నువ్వు రాసినదానికన్నా చాలా చెప్పింది. సగం వారం నువ్వు ఏమీ తినలేకపోతున్నావట, మిగతా సగం వచ్చే ఆదివారానికి భయపడుతున్నావట. నా కోసం నువ్వలా గోడ పట్టుకుని వాంతులు చేసుకుంటుంటే నాకేం సుఖంరా? ఇక్కడి నర్సు చెబుతోంది, అదే రకం మందు రోజూ వేసుకునే మాత్రగా కూడా దొరుకుతుందట. మీ డాక్టర్ని అడుగు. మాత్రకు మారిపో. కాస్త మెల్లగా తగ్గితే తగ్గావు.

నాకేం తొందర లేదు. మిషను చక్కగా పనిచేస్తోంది, బావ చక్కగా వండుతున్నాడు (ఇది అబద్ధం). తొందరపడకు.

అక్క

*

బేకరీ, కౌంటరు దగ్గర,
శనివారం

అక్కా,

మారిపోయాను!

బరువు చూసే డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "సూది మీకు బాగా పనిచేస్తోంది. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటే వికారం దానంతటదే సర్దుకోవచ్చు. ఆలోచించుకోండి" అంది. నేను ఆలోచించుకునే వచ్చానన్నాను. అప్పుడు చెప్పింది: పొద్దున లేవగానే, పరగడుపున, రెండు గుక్కల నీళ్ళతో మాత్ర మింగాలి. ఆ తర్వాత అరగంట దాకా కాఫీ లేదు, తిండి లేదు, ఇంకో మాత్ర కూడా లేదు. కడుపులో ఏమున్నా ఈ మందు ఒంటికి పట్టదట.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. కానీ రోజూ" అంది.

తిరిగొస్తుంటే మీ మరదలు నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. ఏమైందంటే, "సూదైతే నా చేతిలో ఉండేది. మాత్ర మీ చేతిలో ఉంటుంది" అంది.

"నా మీద నమ్మకం లేదా?"

"డాక్టరమ్మ మీద ఉంది" అంది.

చూశావా, నీ మరదలి నోరు! ఏదైతేనేం, ఫ్రిజ్‌లో సూదులున్న అర ఖాళీ అయింది, అక్కడ టమాటాలు పెట్టింది. ఆదివారమంటే మళ్ళీ సెలవురోజులా అనిపిస్తోంది. మంచి సలహా ఇచ్చావు. నీకు రుణపడిపోయాను, ఎలాగూ తీర్చేస్తానులే, కిడ్నీతో సహా.

నీ తమ్ముడు

*

ఇంట్లో, బావ పనిబల్ల మీద,
వానలు మొదలైన వారం

ఒరే పీపా,

బావ పనిబల్ల కదా, మోచేతి కింద ఏవో స్క్రూలు గుచ్చుకుంటున్నాయి. వేరే చోట కూర్చుందామంటే ఇంట్లో ఫ్యాను కింద ఉన్న బల్ల ఇదొక్కటే.

రెండు గుక్కల నీళ్ళని రాశావు చూడు, చదువుతుంటే నాకు దాహమేసింది. నాకు రోజు మొత్తానికీ కలిపి ఇచ్చేది ఒక చిన్న సీసాడే. బావ దాని మీద పెన్నుతో గీతలు గీశాడు, పొద్దుటికి ఇక్కడిదాకా, సాయంత్రానికి ఇక్కడిదాకా అని. లిఫ్టులు బాగుచేసే మనిషి, గీతకి పైనా కిందా ఆగితే ఊరుకోడు. నిన్న ఒక గుక్క ఎక్కువ తాగానని సీసా తీసుకెళ్ళి అలమరలో పెట్టేశాడు. తర్వాత తనే వచ్చి, "పోనీ రేపటి గీత కాస్త కిందికి జరుపుదాం" అన్నాడు.

నువ్వు తేలిగ్గా ఉన్నావంటే నాకూ తేలిగ్గా ఉంది. మొన్న గుండెకి కూడా ఏదో పరీక్ష చేశారు. అందరికీ చేసేదేనట. కాళ్ళకి కొంచెం నీరు వచ్చింది. అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు.

నువ్వెప్పుడొస్తావని బావ అడుగుతున్నాడు. నేనడగడం లేదు. నీ లెక్క నీకుంది కదా.

అక్క

*

బేకరీ, ఓవెన్ పక్క స్టూలు మీద,
వానలు వెనకబట్టాక

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టకు. కొత్త ఓవెన్ వచ్చింది. దాని కోపం, దాని తాపం అర్థం చేసుకునేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. ఎడమ పక్క మాడ్చేస్తుంది, కుడి పక్క పచ్చిగా వదిలేస్తుంది. పెద్దింటి అల్లుడిలా ఉంది దాని వ్యవహారం.

వికారం పూర్తిగా పోయింది. వెన్న వాసన మళ్ళీ వెన్న వాసనలాగే ఉంది. మళ్ళీ మనిషినయ్యాననుకో. నారింజ తొక్క తురిమి వేసి ఒక కొత్త రకం బన్ను చేస్తున్నాను. స్కూలు పిల్లలు బస్సు వదులుకుని మరీ నిలబడుతున్నారు. తెల్లారకముందే మొదటి వాయి దిగుతుంది. నేనొక ముక్క తుంచి నోట్లో వేసుకుని "ఊఁ" అంటే తప్ప పనివాళ్ళు బండికెత్తరు. వేడి వేడి ముక్క, పక్కన కాఫీ గ్లాసు, ఇంకా తలుపు తీయని దుకాణం. ఆ కాసేపు చాలక్కా, రోజంతా నిలబడగలను.

మాత్ర మర్చిపోవడం లేదులే. ఓవెన్ పక్క అరలోనే పెట్టుకున్నాను, కంటికెదురుగా. ఒక్క రోజు కూడా మానలేదు.

బావని అడిగానని చెప్పు. కండక్టరుగారికి బన్నులు పంపాలని ఉంది కానీ వాళ్ళ డాక్టరు నన్ను తిడతాడేమో.

నీ తమ్ముడు

*

డయాలసిస్ గది,
మంగళవారం

తమ్ముడూ,

ప్రూఫులు చదివేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఉన్న అక్షరాల కంటే పడని అక్షరం ముందు కంట్లో పడుతుంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఓవెన్ ఉంది, బన్ను ఉంది, స్కూలు పిల్లలున్నారు. నీ బరువెంతో లేదు.

మాత్ర ముందా, వేడి ముక్క ముందా? కాఫీ ఎప్పుడు? అరగంట ఆగుతున్నావా? ఓవెన్ పక్కన మందులు పెట్టుకునే తెలివి ఎవరిచ్చారు నీకు?

కోపంతో అడగడం లేదురా. మళ్ళీ బరువు పెరిగావా? పెరిగితే పెరిగానని రాయి. నువ్వెంత ఉన్నా నా తమ్ముడివే, కానీ నాకు తెలియాలి. ఇప్పుడు తెలియాలి.

అక్క

*

ఇల్లు,
శుక్రవారం

అక్కా,

పెరిగాను. సూదులతో తగ్గినదాంట్లో చాలావరకు మళ్ళీ వచ్చేసింది.

నీ ఉత్తరం అందిన రోజే మీ మరదలు నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. తూకం మీద ఎక్కాను. డాక్టరమ్మ అంకె చూసింది, పాత కాగితం చూసింది, మళ్ళీ అంకె చూసింది. "మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగింది. చెప్పాను. పిండి కలిపి, వాయి దించి, ముక్క తిని, కాఫీ తాగుతూ, ఆ కాఫీతోనే. కొన్ని రోజులు కాఫీ ముందు, కొన్ని రోజులు తర్వాత. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "అంటే ఇన్నాళ్ళూ మీరు మాత్ర వేసుకోలేదండీ. మింగారంతే" అంది.

ఇంటికొచ్చాక మీ మరదలు అన్నం పెట్టి, గోడకానుకుని కూర్చుని, "మీరు వినలేదా, విననట్టు ఉన్నారా? అదొక్కటి చెప్పండి చాలు" అంది. పొద్దున ఆ మాత్ర చేతిలోకి తీసుకోగానే నాకు ఆపరేషన్ బల్ల కనిపించేది. మత్తిచ్చి పడుకోబెట్టి ఒళ్ళు కోసే బల్ల. ఆ గది తలుపుకీ నాకూ మధ్య నా బరువొక్కటే అడ్డు. దాన్ని తోసేయాలంటే చెయ్యి రాలేదేమో. కావాలని చేశానని అనలేను. తెలియక చేశానని అంతకన్నా అనలేను.

నిన్నటి నుంచి పద్ధతి మారింది. మీ మరదలు నాతోపాటే లేస్తోంది. మాత్రా, రెండు గుక్కల నీళ్ళూ తనే ఇస్తుంది. నేను బేకరీకి పరిగెత్తకుండా అరగంటా నా ఎదురుగా కూర్చుంటుంది. తనూ కాఫీ తాగదు, మూత పెట్టుకుని కూర్చుంటుంది. మొదటి వాయి రుచి చూసే పని పెద్ద పనివాడికి అప్పగించాను. సూదికి మళ్ళీ మారాలన్నా సరేనన్నాను. డాక్టరమ్మ, "ముందు దీన్ని సరిగ్గా వాడి చూడండి" అంది.

నాకు ఇంకొంచెం టైమివ్వు. ఈసారి నీ దగ్గరికి వచ్చేది ఆపరేషన్‌కే.

నీ తమ్ముడు

*

డయాలసిస్ గది,
ఎండలు ముదిరాక

తమ్ముడూ,

చాలా రోజులు ఊరుకున్నాను. మధ్యలో నువ్వు రాసిన రెండు కార్డులూ అందాయి. ఈసారి మాత్రం సరిగ్గా తగ్గుతున్నావని మరదలు కూడా చెప్పింది. విని సంతోషించలేకపోయాను. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

వానలప్పుడు గుండెకి ఏదో పరీక్ష చేశారని రాశాను, గుర్తుందా? అందరికీ చేసేది కాదది. నా గుండె అలిసిపోతోందని ఆ రోజే చెప్పారు. "కిడ్నీ మార్పిడి చేసేదుంటే ఆలస్యం చేయకండి, మీ తమ్ముణ్ని తొందరపెట్టండి" అని డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. బావ అక్కడే ఫోన్ తీశాడు. నేను లాక్కున్నాను. వాడికి చెబితే నా మీద ఒట్టే అన్నాను. పాపం, ఆ మనిషి ఇన్ని నెలలూ ఆ ఒట్టు మోశాడు.

పోయిన వారం మళ్ళీ పరీక్ష చేశారు. ముగ్గురు డాక్టర్లు కూర్చుని మాట్లాడుకున్నారు. నా గుండె ఇప్పుడు అంత పెద్ద ఆపరేషన్‌కి తట్టుకోదట. ఇక మార్పిడి మాట వద్దన్నారు. మిషనే. ఉన్నన్నాళ్ళు మిషనే.

నీకెందుకు చెప్పలేదని అడుగుతావు. నిన్ను భయపెట్టకూడదని అనుకున్నాననొచ్చు. అది నిజమే కానీ సగం నిజం. నీ ఒళ్ళు కోసి తీసింది నాకు పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదురా. నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని. అలాగని వద్దని చెప్పే ధైర్యమూ లేకపోయింది. బతకాలని ఉంటుంది కదా. నాకు చాలా ఉంది. అందుకని ఔననకుండా, కాదనకుండా కూర్చున్నాను. ఆ తూకం మిషనే ఏదో ఒకటి తేల్చేస్తే బాగుండుననుకున్నాను. సూది మానేసి మాత్రకు మారమని నేను రాసినప్పుడు నీ మీద జాలి ఉన్నమాట నిజం. మెల్లగా తగ్గితే తగ్గావు అన్నాను చూడు, ఆ మాట మాత్రం నా కోసం అన్నాను.

నువ్వు భయపడి ఆలస్యం చేశావు. నేను మొహమాటపడి ఆలస్యం చేయించాను. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అలా పంచుకున్నాం మనం. నువ్వు రాత్రీ పగలూ నిన్నే తిట్టుకుంటావని తెలుసు. నా వాటా నాకు వదిలిపెట్టు.

అక్క

*

ఇల్లు,
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరుతున్నాను. జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాను, తిరిగొచ్చాక తీరిగ్గా చదువుకుందామని. తూకం ఎక్కాను. డాక్టరమ్మ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది. "వచ్చేశారు! కిడ్నీ డాక్టరుగారికి ఈరోజే రాస్తాను" అంది. బయట బెంచీ మీద కూర్చుని, ఇంత సంతోషంలో అక్క ఉత్తరం చదవాలని తీశాను.

లోపలికి వెళ్ళి ఆవిడతో, "రాయక్కర్లేదండీ" అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

నాకు నీ మీద కోపంగా ఉంది. చెప్పి ఉండాల్సింది. ఆ రోజు ఒక్క ఫోన్ చేసి, "పీపా, టైము లేదురా" అని ఉంటే నేను ఆ కాఫీ పారబోసేవాణ్ని. రోజుకొక సూది వేయమన్నా వేయించుకునేవాణ్ని. ఇలా రాస్తున్నాను కానీ, పారబోసేవాణ్నని ఒట్టేసి చెప్పలేను. నీ మీద కోపం అక్కడిదాకా వెళ్ళి నా మీదికే తిరిగొస్తోంది.

మీ మరదలు నీ ఉత్తరం చదివి మడిచి ఇచ్చింది. "ఒకే తలుపుకి అటొకరు ఇటొకరు నిలబడి, అవతలివాళ్ళు తీస్తారులే అని చూశారు ఇద్దరూ" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

గురువారం వస్తున్నాను. వద్దనకు.

నీ తమ్ముడు

*

డయాలసిస్ గది, కిటికీ పక్క కుర్చీ,
శనివారం

ఒరే,

నువ్వు వెళ్ళి రెండు రోజులైంది. ఎదురుగా ఉండగా చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నాను. మనకి ఇదే అలవాటైపోయింది.

గురువారం నువ్వు తలుపు తోసుకుని వచ్చినప్పుడు నేను నిన్ను చూశాను. చూసి మళ్ళీ ప్రూఫుల్లోకి తల దించుకున్నాను. ఎవరో కొత్తాయన, చొక్కా వేలాడుతోంది, ఎవరి కోసమో వెతుక్కుంటున్నాడు పాపం అనుకున్నాను. నువ్వు నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డావు. "అక్కా" అంటే తప్ప గుర్తుపట్టలేకపోయాను. నేను ఎత్తుకుని పెంచిన పిల్లాణ్ని. నువ్వు నవ్వావు కానీ నీకది గుచ్చుకుందని నాకు తెలుసు. నాక్కూడా గుచ్చుకుంది. ఎప్పుడు తగ్గావు, ముందు బుగ్గలు పోయాయా, మెడ పోయిందా, మెట్లెక్కితే ఆయాసం ఎప్పుడు మానింది, ఇవేవీ నేను చూడలేదు. ఏడాది పైన అయింది మనం ఒకర్నొకరు చూసుకుని.

ఆ నాలుగు గంటల్లో మనం కిడ్నీ మాట ఎత్తలేదు. నువ్వు కండక్టరుగారితో పాత బస్సు రూట్ల గురించి వాదించావు. నా కాళ్ళ మీద దుప్పటి సర్దావు. మిషను కుయ్యిమన్నప్పుడు ఆయన కంటే ముందు నువ్వే "హోల్డాన్!" అన్నావు, నర్సు కూడా నవ్వింది. ఇంటికొచ్చాక బావ నాకోసం చేసిన ఉప్పులేని కూర ఒక్క ముద్ద తిని నువ్వు పెట్టిన మొహం తలుచుకుని రాత్రి బావా నేనూ నవ్వుకున్నాం. ఈ రోగం వచ్చాక నాకు అంత తేలిగ్గా గడిచిన రోజు లేదు.

అదే నన్ను తినేస్తోంది. ఇలాంటి గురువారాలు మనకి ఎన్ని ఉండేవిరా! బరువు దిగాకే వస్తానన్నావు, నేను సరేనన్నాను. నాకు నువ్వు కాదు, నీలోంచి తీసేదే కావాలన్నట్టు ఇద్దరం ఆ అంకె కోసం కూర్చున్నాం. నీ కిడ్నీ దక్కకుండా పోయినందుకు నాకు దిగులు లేదని అబద్ధమాడను. ఉంది. కానీ దాన్ని గుండె మీదికో డాక్టర్ల మీదికో నెట్టేయగలను. ఆ గురువారాలని ఎవరి మీదికి నెట్టను?

బస్సెక్కేటప్పుడు బావతో మాత్ర మానేశానన్నావట, ఇంక దేనికని. మాననన్నా మానుతానన్నా నేను చెప్పేదేమీ లేదు. అది మీ డాక్టరమ్మతో, మరదలితో తేల్చుకో. కాకపోతే మరదలు అన్నాళ్ళు కాఫీ మీద మూత పెట్టుకుని కూర్చున్నది నా ఒక్కదాని కోసమే కాదని నా అనుమానం. అడిగి చూడు.

నాకు మంగళ, గురు, శనివారాలు. పొద్దున ఎనిమిదింటికి సూది గుచ్చుతారు, మధ్యాహ్నానికి వదులుతారు. ఎప్పుడు వీలైతే అప్పుడు రా. ముందు చెప్పక్కర్లేదు. తగ్గినా రా, పెరిగినా రా. ఇవ్వడానికేమీ లేకపోయినా రా.

అక్క